గెఫిల్టె ఫిష్: చేపరసంలో ఉండలా, ఓవెన్ దిమ్మా, ఫ్రీజర్ కడ్డీనా? ఏది మేలు?

యూదుల పండగ భోజనంలో మొదట వచ్చే చేప ముద్ద వంటకం ఇది. ముందురోజే వండేయాలి, చల్లగా వడ్డించాలి, నోటికి ముల్లు తగలకూడదు, మాంసం రాకముందే తిని పళ్ళెం తీసేయాలి. గెఫిల్టె ఫిష్‌కి ఈ షరతులన్నీ యూదుల ఆచారం పెట్టినవే. శుక్రవారం పొద్దు గూకాక మొదలయ్యే వారపు విశ్రాంతి దినం సబ్బాతునాడు పనికొచ్చేదాంట్లోంచి పనికిరానిదాన్ని ఏరడం నిషిద్ధం. పళ్ళెం ముందు కూర్చుని ముల్లు ఏరుకోవడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. చేపనీ మాంసాన్నీ కలిపి తినకూడదన్న కట్టుబాటు ఇంకొకటి. అందుకే చేప ముందు వస్తుంది, వేరే పళ్ళెంలో వస్తుంది.

పేరుకి తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో అర్థం ‘నింపిన చేప’. మన గుత్తివంకాయ లాంటి ఊహే. చేప తోలు చిరగకుండా లోపలి కండ తీసి, ముల్లు ఏరి, ఉల్లిపాయా గుడ్డూ రొట్టె పొడీ కలిపి దంచి, మళ్ళీ ఆ తోలులోనే కూరి ఉడికించేవారు. నింపిన పైక్ చేప 14వ శతాబ్దపు జర్మన్ వంటల్లోనే ఉంది, అప్పటికది యూదుల వంట కూడా కాదు. తూర్పు యూరప్ యూదుల, అంటే అష్కెనాజీల, ఇళ్ళకి చేరాక సబ్బాతు భోజనానికీ, పులిసిన పిండి ముట్టకూడని పస్కా పండగ విందుకీ అతికినట్టు సరిపోయింది. తోలులో కూరే శ్రమ పోయి, మిగిలిన ముద్దే ఇప్పుడు గెఫిల్టె ఫిష్. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు గానీ, ఈ వంటకం పుట్టింది పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్ వైపు.

ఇప్పుడు దీన్ని చేసే దారులు ప్రధానంగా నాలుగు: చేప తలలూ ముళ్ళూ మరిగించిన రసంలో ఉడికించే ఉండలు, ఓవెన్‌లో దిమ్మగా కాల్చడం, ఫ్రీజర్లో దొరికే పచ్చి కడ్డీని ఉడకబెట్టడం, సీసా మూత తీయడం. పదిహేనుమంది లోపు విందుకి ఉండలకి సాటి లేదు. ఇరవై దాటితే దిమ్మ. నమ్మకమైన తాజా చేప దొరకని ఊళ్ళో ఫ్రీజర్ కడ్డీ. సీసా సంగతి కింద చెబుతాను, తొందరేం లేదు.

ముద్ద సరిగ్గా కుదరకపోతే ఏ దారీ కాపాడదు

ఉండలకైనా దిమ్మకైనా ముద్ద ఒకటే. అమెరికాలో అలవాటైన కలయిక మూడు చేపలది: కార్ప్, పైక్, గ్రేట్ లేక్స్‌లో దొరికే వైట్‌ఫిష్. కార్ప్‌లో కొవ్వూ జిగురూ ఎక్కువ, రంగు కాస్త ముదురు. పైక్ కండ తెల్లగా బిగువుగా ఉండి ముద్దని పట్టి ఉంచుతుంది, కానీ ముళ్ళ పుట్ట. వైట్‌ఫిష్ మెత్తన, రుచి సున్నితం. మూడూ సమానంగా కలిపితే తప్పు జరగదు. ఒక్క కార్ప్‌తోనే చేస్తే రుచి ఘనంగా ఉంటుంది గానీ రంగు బూడిదగా తేలుతుంది. ఇజ్రాయెల్‌లో ఎక్కువగా చేసేది కార్ప్‌తోనే.

ఆ కార్ప్ మనకి కొత్తదేం కాదు. కామన్ కార్ప్‌ని మన చెరువుల దగ్గర బంగారుతీగ అంటారు. బొచ్చె, శీలావతి దాని బంధువులే. రెక్కలూ పొలుసులూ ఉన్న చేప తినొచ్చన్నది బైబిల్ లేవీయకాండంలోని నియమం, ఇవన్నీ అందులో నెగ్గుతాయి. వాలుగకి పొలుసుండదు కాబట్టి ఎంత రుచైనా పనికిరాదు. మన దగ్గర చేయాలనుకునేవాళ్ళకి రెండు కిలోలు దాటిన బొచ్చె నయం. చిన్న శీలావతిలో కండలోపల దాగిన సన్నటి చీలిక ముళ్ళు ఏరడానికే పూట గడిచిపోతుంది. మన వెండిచేప, అంటే సిల్వర్ కార్ప్, అమెరికా నదుల్లో ‘ఆసియా కార్ప్’ పేరుతో పెద్ద బెడద. 2010లో ఇల్లినాయ్ నుంచి ఇజ్రాయెల్‌కి పంపిన ఆ చేప మీద అక్కడ 120 శాతం సుంకం పడింది. పస్కా ముంచుకొస్తోందని అప్పటి విదేశాంగ మంత్రి హిలరీ క్లింటన్ దాకా వెళ్ళింది పంచాయితీ. గెఫిల్టె ఫిష్ సంగతి ఎక్కడిదాకా వచ్చిందని ఆవిడ తన సిబ్బందిని అడిగిన ఈమెయిల్ తర్వాత బయటికొచ్చి చాలామందిని నవ్వించింది.

చేప కొనేటప్పుడు ముక్కలుగా కాకుండా మొత్తం చేపే కొనండి. కారణాలు రెండు. తోలూ పొలుసూ కనబడితేనే అది ఏ చేపో తేలుతుంది. నియమం పాటించే ఇళ్ళలో తోలు ఒలిచిన ముక్కని మామూలు దుకాణంలో కొనరు. కండ రంగుతోనే పోల్చుకోగలిగే సాల్మన్‌కి మాత్రం చాలామంది మినహాయింపు ఇస్తారు. ఇక తలా, ముళ్ళూ, తోలూ లేకపోతే రసం గడ్డకట్టదు. పండగ రోజుల్లో న్యూయార్క్ వైపు యూదుల చేపల దుకాణాల్లో కండ తీసి, మరలో ఆడించి, తలా ముళ్ళూ వేరే సంచిలో కట్టిస్తారు. ఆ సంచి అడిగి తీసుకోవాలి, లేకపోతే చెత్తబుట్టలో పడుతుంది.

మూడు కిలోల చేపలకి కండ సుమారు కిలో పావు వస్తుంది. దానికి కొలతలు ఇవి: ఉల్లిపాయలు 350 గ్రాములు, గుడ్లు 4, పులియని రొట్టె పొడి (మాట్జా పొడి) 60 నుంచి 70 గ్రాములు, ఐసు నీళ్ళు 150 మిల్లీలీటర్లు, ఉప్పు 22 గ్రాములు, తెల్ల మిరియాల పొడి ఒకటిన్నర టీస్పూన్లు, పంచదార మీ పక్షాన్ని బట్టి (ఆ తగువు కింద వస్తుంది). ఒక్కోటి 70 గ్రాముల చొప్పున 28 ఉండల దాకా అవుతాయి. మొదటి పళ్ళెంగా మనిషికి ఒకటి చాలు, ఇష్టపడేవాళ్ళకి రెండు.

మరలో ఆడించేటప్పుడు సన్న చిల్లుల పళ్ళెం వేసి రెండుసార్లు తిప్పాలి. ఫుడ్ ప్రాసెసర్ తొందరగా పని ముగిస్తుంది గానీ రెండు చిక్కులు తెస్తుంది. దాని బ్లేడు సన్న ముల్లుని నలగ్గొట్టకుండా పక్కకి నెడుతుంది. పైగా ముద్ద వేడెక్కుతుంది. చేప కండలోని మాంసకృత్తు ఉప్పు తగిలి కరిగి జిగురుగా మారితేనే ముద్ద పట్టు నిలుస్తుంది, ఆ పని చల్లగా ఉన్నప్పుడే సవ్యంగా జరుగుతుంది. వేడెక్కిన ముద్ద ఉడికాక నీరొదిలి, ఇసకలా విడిపోతుంది. ప్రాసెసరే గతి అయితే గిన్నెనీ బ్లేడునీ అరగంట ఫ్రీజర్లో పెట్టి, కొద్దికొద్దిగా, ఆపి ఆపి తిప్పండి. పాత పద్ధతిలో కొయ్య గిన్నెలో వంపు కత్తితో కొట్టేవారు. ముద్ద కాస్త బరకగా ఉంటుంది, తినడానికి అదే బాగుంటుంది కూడా, చేతులు మాత్రం పడిపోతాయి.

ఉప్పు ముందు వేసి, జిగురు తేలేదాకా ఒకే వైపు కలపాలి. తర్వాత గుడ్లు ఒక్కొక్కటిగా. ప్రతి గుడ్డునీ విడి గిన్నెలో పగలగొట్టి నెత్తుటి చుక్క లేదని చూసుకున్నాకే ముద్దలో వేస్తారు. ఉల్లిపాయలో సగం పచ్చిగా తురిమి నీరు పిండేయండి, సగం నూనెలో రంగు మారకుండా మగ్గించి చల్లార్చి కలపండి. మొత్తం పచ్చిదే వేస్తే ముద్ద జారిపోతుంది, ఘాటు మర్నాటికి మరీ ముదురుతుంది. చివర్లో ఐసు నీళ్ళు, రొట్టె పొడి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, ముద్ద జారుగా కనబడగానే ఇంకో గుప్పెడు పొడి పోయడం. పొడి నీళ్ళు తాగడానికి వ్యవధి కావాలి. ముప్ఫై నుంచి అరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, దానంతటదే గట్టిపడుతుంది. గారెల పిండి కంటే కాస్త జారుగా ఉండి, చేయి తడి చేసుకుంటే ఉండ నిలవాలి. పొడి ఎక్కువైన ఉండ వేడిలో బాగానే ఉంటుంది, చల్లారాక రబ్బరు బంతి. ఈ వంటకం తినేది చల్లగానే కదా.

ఆచారాలు గట్టిగా పాటించే హసిడిక్ శాఖ కుటుంబాల్లో చాలామంది పస్కా రోజుల్లో పులియని రొట్టెకి తడి తగలనివ్వరు. వాళ్ళు మాట్జా పొడి బదులు బంగాళాదుంప పిండి రెండు మూడు చెంచాలు, లేదా బాదం పొడి వేస్తారు. బాదం పొడితో ముద్ద మెత్తగా, కొంచెం పెళుసుగా వస్తుంది. అతిథుల ఆచారం తెలియకపోతే ముందే అడగడం మర్యాద.

ఉప్పూ కారం చూడటానికి పచ్చి ముద్ద నాలుక మీద పెట్టుకోకండి. మంచినీటి చేపల్లో, ముఖ్యంగా పైక్‌లో, బద్దెపురుగు ఉంటుంది. అమెరికాలో గ్రేట్ లేక్స్ పైక్‌తో ముద్ద కలుపుతూ రుచి చూసిన యూదు ఇల్లాళ్ళకి ఆ పురుగు సోకి, వైద్యులు దాన్ని వాళ్ళ పేరుతోనే పిలిచిన కాలం ఉంది. చెంచాడు ముద్ద మరిగే నీళ్ళలో వేసి, నాలుగు నిమిషాలాగి, చల్లార్చి రుచి చూడండి. చల్లటి తిండిలో ఉప్పు తక్కువగా తెలుస్తుంది. అందుకే వేడి మీద ‘కాస్త ఎక్కువైంది’ అనిపిస్తే అది సరైన ఉప్పు.

చెరువు చేపకి బురద వాసన ఉంటే ఆ కండని నిమ్మరసమో వెనిగరో కలిపిన చల్లటి ఉప్పునీళ్ళలో పావుగంట ఉంచి, బాగా తుడిచి ఆడించండి. ఆ వాసన తెచ్చే పదార్థాన్ని పులుపు విరగ్గొడుతుంది. మన దగ్గర చింతపులుసు చేసే పని అదే. పసుపు మాత్రం వద్దు, రంగు పోదు. బతికున్న కార్ప్‌ని కొని తెచ్చి రెండు మూడు రోజులు స్నానాల తొట్టిలో వదిలేసేవారని న్యూయార్క్ పాత తరం చెప్పుకునే ముచ్చటకి కారణం కూడా ఆ బురదే. శుభ్రమైన నీళ్ళలో ఈదితే వాసన తగ్గుతుంది, పైగా పండగనాటికి చేప తాజాగా ఉంటుంది.

చేపరసంలో ఉండలు

రసానికి: తలలు (మొప్పలు తప్పకుండా తీసేయాలి, చేదు వాటిదే), ముళ్ళు, తోలు, మూడు ఉల్లిపాయలు పొట్టుతో సహా, నాలుగు క్యారెట్లు, పది పన్నెండు మిరియాలు, రెండు టీస్పూన్ల ఉప్పు, మూడున్నర లీటర్ల నీళ్ళు. ఉల్లిపొట్టు రసానికి బంగారు రంగిస్తుంది, అది లేకపోతే తెల్లబోయి ఉంటుంది. మొదటి పొంగుకి వచ్చే నురగంతా తీసేసి, సన్న మంట మీద ముప్పావుగంట మరిగించి వడకట్టండి. క్యారెట్లు మెత్తబడగానే ముందే తీసి పక్కన పెట్టుకోవాలి, చివర్లో వాటితో పనుంది.

గిన్నె వెడల్పుగా ఉండాలి. లోతైన గిన్నెలో రెండు వరసలు పేరిస్తే కింది వరస చితుకుతుంది. రసం మెల్లగా కదులుతుండగా, తడి చేత్తో కోడిగుడ్డు ఆకారంలో చేసిన ఉండల్ని ఒక్కొక్కటిగా దించండి. అవి ఉబ్బుతాయి కాబట్టి మధ్యలో చోటు వదలాలి. మూత ఓరగా పెట్టి గంటసేపు. పాత వంటకత్తెలు రెండు గంటలు ఉడికించేవారు. ఉండ నిజానికి పాతిక నిమిషాల్లోనే ఉడుకుతుంది, మిగతా కాలమంతా రుచి ఇచ్చిపుచ్చుకోవడానికీ, తప్పించుకున్న సన్న ముల్లు మెత్తబడటానికీ. గంట దాటాక లాభం తగ్గుతుంది, బిగువు పెరుగుతుంది.

రసం కుతకుతలాడకూడదు. తెగిపోయిన, పగుళ్ళు బారిన ఉండలు పది గిన్నెల్లో కనిపిస్తే తొమ్మిదింట తప్పు మంటదే. గంట అయ్యాక స్టవ్ కట్టేసి, ఉండల్ని రసంలోనే గోరువెచ్చన అయ్యేదాకా ఉంచండి. వేడిలో బయటికి తీస్తే పైన తోలు కట్టి ఎండిపోతాయి. తర్వాత లోతైన పళ్ళెంలో పేర్చి, ఒక్కోదాని నెత్తిన క్యారెట్ చక్రం పెట్టి, వడకట్టిన రసం సగం దాకా పోసి, కనీసం ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ క్యారెట్ అలంకారమే అయినా యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా నాడు దానికి అర్థం కూడా ఉంది. యిడ్డిష్‌లో క్యారెట్లని ‘మెర్న్’ అంటారు, ఆ మాటకే వృద్ధి చెందడమనీ అర్థం. ఆ కొత్త సంవత్సరం విందులో చేప తలని ఇంటిపెద్ద ముందు పెట్టే అలవాటుంది, తోకగా కాక తలగా ఉండాలన్న ప్రార్థనతో. రసానికి వాడిన తలల్లో ఒకదాన్ని చితక్కుండా తీసి ఉంచుకుంటే ఆ పనికొస్తుంది.

పొద్దున్నే చూస్తే రసం వణికే జెల్లీ అయి ఉండాలి. కాకపోతే నీళ్ళు ఎక్కువయ్యాయి, లేదా తలలు తక్కువయ్యాయి. ఉండల్ని తీసి, రసాన్ని మళ్ళీ మరిగించి మూడో వంతు ఇంకించి పోయండి. బజారు జెలటిన్ కలపాలని చూడకండి. అది దేన్నుంచి తీసిందో తెలియకపోతే యూదుల ఆహార నియమాలు పాటించే (కోషర్) ఇంట్లో అడుగుపెట్టలేదు.

ఈ జెల్లీయే ఉండలకీ మిగతా పద్ధతులకీ ఉన్న తేడా. చేప రుచి సగం అందులోనే ఉంటుంది. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి: చల్లటి చేప జెల్లీ అలవాటు లేని నాలుకకి, ముఖ్యంగా వేడి పులుసు మీద పెరిగినవాళ్ళకి, మొదటిసారి మింగుడు పడదు. అలాంటి అతిథులుంటే జెల్లీని పక్కన గిన్నెలో పెట్టండి, ఉండ మీద పోయకండి.

ఓవెన్ దిమ్మ

ఇదే ముద్ద కిలోకి ఇంకో గుడ్డు, వంద గ్రాముల సన్నగా తురిమిన క్యారెట్, రెండు పెద్ద చెంచాల నూనె అదనంగా. రసంలో ఉడకదు కాబట్టి తడి లోపలే సమకూర్చాలి. 23 సెంటీమీటర్ల బ్రెడ్ టిన్నులో బేకింగ్ కాగితం పరిచి ముద్ద నింపి, గాలి బుడగలు పోయేలా రెండుసార్లు గట్టు మీద తట్టండి. బుడగ మిగిలితే ముక్క కోసినప్పుడు గుంట కనిపిస్తుంది. పైన రేకు కప్పి, వేడినీళ్ళ పళ్ళెంలో టిన్ను కూర్చోబెట్టి, 165 డిగ్రీల సెల్సియస్‌లో 65 నుంచి 75 నిమిషాలు. మధ్యలో థర్మామీటర్ గుచ్చితే 72 డిగ్రీలు చూపగానే తీసేయాలి. నీళ్ళ పళ్ళెం లేకుండా, మూత లేకుండా కాల్చిన దిమ్మకి అంచులు ఎండి పైన పగులు వస్తుంది. చాలా ఇళ్ళలో ‘ఓవెన్ గెఫిల్టె పొడిగా ఉంటుంది’ అన్న అపవాదుకి అదే మూలం.

రాత్రంతా పైన బరువు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాడు కత్తికి చెదరదు. ఒక టిన్నుకి పన్నెండు ముక్కలు. నలభై మందికి నాలుగు టిన్నులు ఒకేసారి ఓవెన్‌లో పడతాయి. అదే నలభై ఉండలంటే వెడల్పు గిన్నెలు రెండో మూడో, పొయ్యి అంతా వాటికే. పస్కాకి ఇల్లంతా సర్దుకుంటూ, వేరే గిన్నెలు దింపుకుంటూ ఉన్నవాళ్ళకి పొయ్యి మీద ఆ చోటు చాలా విలువైనది. పులిసిన పిండి తగిలిన మరా ప్రాసెసరూ కూడా ఆ వారంలో వాడకూడదన్నది మర్చిపోకండి. ముద్దని పండగ పాత్రల్లోనే చేయాలి.

దిమ్మలో పోయేది జెల్లీ, రసం లోతు. వచ్చేది ముక్క తీరు, శ్రమ తగ్గడం, వాసన కూడా తగ్గడం. అపార్ట్‌మెంట్‌లో చేప తలలు ముప్పావుగంట మరిగితే ఆ సంగతి మెట్ల దాకా తెలుస్తుంది.

ఫ్రీజర్ కడ్డీ, సీసా

అమెరికాలో, ఇంగ్లండ్‌లో, ఇజ్రాయెల్‌లో పచ్చి ముద్దని కాగితంలో చుట్టి గడ్డకట్టించిన కడ్డీలు దొరుకుతాయి. ఒక్కోటి ఆరు వందల గ్రాముల అటూ ఇటూ, ఎనిమిది పది ముక్కలొస్తాయి. బయటి ప్లాస్టిక్ తీసేసి, లోపలి కాగితం అలాగే ఉంచి, ఉల్లిపాయా రెండు క్యారెట్లూ ఉప్పూ మిరియాలూ వేసి మరుగుతున్న నీళ్ళలో గడ్డగా ఉన్నప్పుడే దించండి. సన్న మంట మీద గంటన్నర. కరిగించి వేస్తే కాగితంలో పరుచుకుపోయి చపటా అవుతుంది. నీళ్ళలోనే చల్లార్చి, కాగితం విప్పి, రెండు సెంటీమీటర్ల మందాన కోయాలి. పస్కాకి కొంటున్నప్పుడు పెట్టె మీద పస్కాకి యోగ్యమన్న ముద్ర చూడండి. ఏడాది పొడుగునా అమ్మే రకంలో పస్కాకి పనికిరాని గోధుమ పొడి ఉండొచ్చు.

రుచిలో ఇది ఇంటి ముద్దకి దగ్గరగా వస్తుంది. తేడా అంతా నీళ్ళదే. ఉత్త నీళ్ళ బదులు చేప తలల రసంలో ఉడికిస్తే చాలామంది పోల్చుకోలేరు. అసలు తెలివైన పనేమిటంటే, ఇంటి ముద్దనే పండగకి రెండు వారాల ముందు చేసి, బేకింగ్ కాగితంలో గట్టిగా చుట్టి, పచ్చిగానే ఫ్రీజర్లో పెట్టుకోవడం. శ్రమ ఒక రోజు, ఉడికించడం ఇంకో రోజు. చేప ముందే ఒకసారి గడ్డకట్టింది కాకపోతే ఇందులో నష్టం ఏమీ లేదు. ఉడికిన ఉండల్ని మాత్రం ఫ్రీజర్లో పెట్టకండి. కరిగాక నీరు కారి, స్పాంజిలా మిగులుతాయి.

సీసాలోవి అలమరలో నిలవ ఉంటాయి. వాటి గొప్ప అంతవరకే. ఎక్కువ వేడి తిన్నందువల్ల కండ రుచి చదునైపోయి, తీపీ ఉప్పూ మిగిలి ఉంటాయి. తప్పనిసరైతే ద్రవం వంపేసి, తాజా ఉల్లిపాయా క్యారెట్టూ మిరియాలూ మరిగించిన నీళ్ళలో ఇరవై నిమిషాలు సన్నగా వేడిచేసి చల్లార్చండి. పరువు దక్కుతుంది.

నూనెలో వేయించేది ఇంగ్లండ్ యూదుల పద్ధతి. హాడక్, కాడ్ లాంటి సముద్రపు చేపతో చేసిన ముద్దని చిన్న ఉండలుగా, పొడిలో దొర్లించి, 170 డిగ్రీల నూనెలో ఆరేడు నిమిషాలు. ఇవి కూడా చల్లగానే తింటారు. పిల్లలు గొడవ చేయకుండా తినే గెఫిల్టె ఫిష్ ఏదైనా ఉందంటే ఇదే. మెక్సికో యూదులు టమాటా, ఆలివ్, కేపర్ సాసులో ఉడికిస్తారు, అదీ బాగుంటుంది. తోలులో కూరే మూల పద్ధతికి ఇప్పుడు ఓపిక ఉన్నవాళ్ళు తక్కువ. చేపని అడ్డంగా ముక్కలు కోసి, నడిమి కండ తీసి, ఆ తోలు వలయంలోనే ముద్ద పెట్టడం సగం దారి. పళ్ళెంలో చూడటానికి దానంత అందం దేనికీ లేదు.

పంచదారా, మిరియమా

పులుసులో బెల్లం వేయాలా వద్దా అని మన దగ్గర ఇళ్ళకి ఇళ్ళు చీలిపోతాయి కదా, ఇదీ అంతే. పోలండ్, గలీషియా (ఇప్పటి దక్షిణ పోలండ్, పశ్చిమ ఉక్రెయిన్) వైపు మూలాలున్నవాళ్ళకి గెఫిల్టె ఫిష్ తియ్యగా ఉండాలి. లిథువేనియా వైపువాళ్ళకి మిరియం ఘాటే ఉండాలి, చక్కెర వేస్తే తప్పు పట్టుకుంటారు. భాషావేత్త మార్విన్ హెర్జోగ్ 1960ల్లో ఉత్తర పోలండ్ యిడ్డిష్ యాసలను పటం మీద గీస్తే, వార్సాకి తూర్పున అరవై కిలోమీటర్ల చిల్లర దూరంలో ఈ రుచి గీత దాదాపు యాస గీత వెంటే నడిచింది. 19వ శతాబ్దంలో పోలండ్‌లో బీట్ చక్కెర మిల్లులు వెలిసి చక్కెర చవకగా దొరకడాన్ని తీపి అలవాటుకి కారణంగా చెబుతారు.

కిలో పావు కండకి తీపి పక్షం కొలత 50 గ్రాముల పంచదార ముద్దలో, ఇంకో రెండు చెంచాలు రసంలో. ఘాటు పక్షానికి పంచదార సున్నా, మిరియాల పొడి రెట్టింపు. తెలుగు నాలుకకి మిరియం వైపే మేలు, అందులో వాదన లేదు. రెండు పక్షాల అతిథులూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ముద్దలో ఒక్క చెంచా పంచదార వేసి మిరియం పూర్తిగా వేయండి. ఇద్దరూ సమానంగా అసంతృప్తి పడతారు.

పక్కన క్రైన్ అనే ఘాటు పచ్చడి లేనిదే పళ్ళెం పూర్తికాదు. హార్స్‌రాడిష్ వేరు 250 గ్రాములు తురిమి, ఉడికిన బీట్‌రూట్ ఒకటి, మూడు చెంచాల వెనిగర్, ఉప్పు, చిటికెడు పంచదార. తురిమిన వెంటనే వెనిగర్ పోస్తే ఘాటు అక్కడే ఆగిపోతుంది. మూడు నిమిషాలు ఆగి పోస్తే ముక్కుపుటాలు అదురుతాయి. కిటికీ తెరిచి తురమండి. పస్కా రాత్రి జరిపే ఆచార విందు సెదెర్‌లో తినే చేదుకూరల కోసం మాత్రం వెనిగరూ బీట్‌రూటూ తగలని వేరు విడిగా ఉంచాలి. మునగ వేరుకీ ఇలాంటి ఘాటే ఉంటుంది, బదులుగా వాడదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దాని బెరడులో విషపదార్థాలున్నాయి. ఆవముద్ద ఘాటు దగ్గరగా వస్తుంది గానీ అష్కెనాజీ ఇళ్ళలో పస్కా వారం ఆవాలు ముట్టరు.

చల్లటి చేప వద్దే వద్దంటే

లిబియా, మొరాకో యూదులది ఖ్రైమె అనే వేడి చేప కూర. వాళ్ళకి సబ్బాతు రాత్రికీ, రోష్ హషానాకీ, పస్కాకీ చేపంటే ఇదే. అర కప్పు నూనెలో దంచిన వెల్లుల్లి పది రెబ్బలు, మూడు చెంచాల తీపి పాప్రికా, ఒక చెంచా కారం, జీలకర్ర, కారవే వేసి మాడకుండా అర నిమిషం. మూడు చెంచాల టమాటా పేస్టు, ఒకటిన్నర కప్పుల నీళ్ళు, ఉప్పు. పావుగంట మరిగి నూనె పైకి తేలాక కిలో చేప ముక్కలు పరిచి పన్నెండు నిమిషాలు, దించి నిమ్మకాయ పిండాలి. పాప్రికా నూనెలో నల్లబడితే చేదు మొత్తం పట్టుకుంటుంది, అప్పుడు పారేసి మొదలుపెట్టడమే. మన చేపల పులుసుకి దీనంత దగ్గరి చుట్టం యూదుల వంటల్లో ఇంకొకటి లేదు.

అయితే ఇందులో ముల్లుంటుంది. సబ్బాతు బల్లకైతే ముల్లు తీసిన మందపాటి ముక్కలే వాడాలి. పండగనాడు, అది సబ్బాతు కానప్పుడు, ముందే వెలిగించి ఉంచిన మంట మీద వంట చేసుకోవచ్చు కాబట్టి ఖ్రైమెని వేడివేడిగా అప్పటికప్పుడు దించొచ్చు. గెఫిల్టె ఫిష్‌కి ఆ అవసరమే రాదు. సెదెర్ శనివారం రాత్రి పడిన ఏడాది శుక్రవారం పొద్దు గూకేలోపే ఉండలు జెల్లీలో కూర్చుని ఉండాలి. ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలవుంటాయి. మొదటి రోజు కంటే రెండో రోజు రుచి, మూడో రోజుకి జెల్లీ అంచుల్లో నీరు వదలడం మొదలవుతుంది. రెండు సెదెర్లు జరుపుకునే ఇళ్ళలో ఒక్కసారి వండితే రెండు రాత్రులకీ సరిపోతుంది.